ఇద్రీస్, ఫారం సూపర్‌వైజర్

జూలూరుపాడు,
9 జూన్ 2024.

బద్రున్నీసా ఆపాకు తమ్ముడు ఇద్రీస్ సలాం.

చెప్పకుండ వచ్చేసిన. ఈ పాటికి నన్ను తిట్టని తిట్టు ఉండదు నువ్వు. తిట్టు, నీకు హక్కుంది. ఐదేండ్లు జైల్ల ఉండి వచ్చినోనికి నీ ఇంట్ల చాప పరిచినవ్, తొమ్మిది రోజులు కడుపు నిండ పెట్టినవ్. అది మర్చిపోయే మనిషిని గాదు. కానీ నేనొచ్చిన తెల్లారే ఒకటి చూసిన. దూల్హాభాయ్ పరుపుల దుకాణంల గుడ్డ కోసే పెద్ద కత్తెర ఉంటది కదా, మీ నిఖా అయిన నాటి నుంచి ఆ కొక్కేనికే వేలాడుతుంటది. తెల్లారి లేచి చూస్తే కొక్కెం ఉంది, కత్తెర లేదు. బీరువాల పెట్టి తాళమేసుకున్నడు మీ ఆయన. నేను గంజాయి బండి నడిపినోన్ని. జామాయిల్ కట్టెల కింద మూటలున్నయని తెలిసే నడిపిన, శిక్ష పడ్డది, అనుభవించిన. ఎవని గొంతూ కొయ్యలే. తొమ్మిది రోజులు ఆ ఖాళీ కొక్కెం చూసుకుంట అన్నం తిన్న ఆపా. ఛీ, ఆ అన్నం మీద గాదు, నా మీద నాకే రోత పుట్టింది.

ఫోన్ ఎందుకు లేదని అడుగుతవ్. బయటికొచ్చినంక కొన్న ఫోను మూడో రోజే స్టేషన్ల గుంజుకున్నరు. నా పేరు మీద షీట్ తెరిచి పెట్టిండ్రు. ఎక్కడ బండి పట్టుబడ్డా ముందు నాకే పిలుపు, పొద్దంతా బల్ల మీద కూసోబెట్టుడు, పోయేటప్పుడు రెండు తగిలిచ్చుడు. నంబరు లేకపోతే పిలవరు కదా. అందుకే ఈ ఉత్తరాలు. ఇంట్ల ఉర్దూ మాట్లాడుడే గానీ రాసుడు మనకు రాకపాయె, సర్కారు బడి తెలుగే దిక్కు.

ఇక్కడ వెంకటరామారావు గారని ఒక రైతు. వాళ్ళ నాయిన కాలంల కోస్తా దిక్కు నుంచి వచ్చి భూములు కొన్నరు. మిర్చి, పత్తి. మోటర్ల కాడ కాపలా, కూలోళ్ళ హాజరు నా పని. ఆయనకొక్కనికే నా సంగతి చెప్పిన. "పని చెయ్యవయ్యా, పాతవన్నీ నాకెందుకు" అన్నరు. వాళ్ళావిడ పద్మావతమ్మ గారు రోజూ గిన్నె నిండ గోంగూర పచ్చడి పంపిస్తది. మంచోళ్ళు.

ఒక్కటే అడుగుత. నేనిక్కడున్న అని ఎవనికీ చెప్పకు. మీ ఎదురింటి కానిస్టేబుల్ పిచ్చయ్యకు అసలే చెప్పకు. తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటరు, నేనైతే కల్లు తాగి దొరికినోన్ని.

నీ బిడ్డలు ఫరహాకు, జెబాకు మామూ దువా అని చెప్పు.

ఇప్పటికీ నీ తమ్ముడే,
ఇద్రీస్


భద్రాచలం,
23 జూన్ 2024.

ఇద్రీసూ,

అల్లా నిన్ను సల్లగ చూడాలె, నేనైతే చూడలేకపోతున్న. కత్తెర కోసం ఇల్లిడిచి పోయినవా? దూల్హాభాయ్‌కి పిరికితనం ఉంది గానీ చెడ్డతనం లేదు. బల్లి మీద పడ్డా మూడు రోజులు జ్వరం పడే మనిషి. నన్నడిగితే నేనే తీసి నీ చేతిలో పెడుదును. అడగలే. నీకు చిన్నప్పటి నుంచి అదే రోగం, మూతి ముడుచుకోని పోవుడు.

సరే, ఇది విను. ఫరహాకు సంబంధం కుదిరింది. పిల్లగాని పేరు తబ్రేజ్, ఖమ్మంల ఏసీలు బాగుచేస్తడు, తల దించుకోని మాట్లాడతడు. సఫర్ నెల పెండ్లిండ్లకు మంచిది కాదంటరు కదా, అది దాటినంక, అక్టోబర్ 20 ఆదివారం నిఖా.

మన ఇండ్లల్ల ఆడపిల్లకు వకీలు మేనమామే. పరదా వెనక పిల్ల దగ్గరికి ఇద్దరు సాక్షులను తీసుకోని పోయి, "నీకు ఈ నిఖా ఖుబూలేనా బేటా" అని మూడు సార్లు అడగాలె, ఆమె అవ్ అన్నంకనే ఖాజీ సాబ్ దగ్గరికి రావాలె. నా పెండ్లికి మన మామూనే అడిగిండు. నా బిడ్డను ఎవడో అడిగితే నేను ఒప్పుకోను. ఫరహా కూడా అదే అన్నది, "మామూ అడిగితేనే నోరు తెరుస్తా" అన్నది. నువ్వే వకీలువి. అప్పటిదాక ఏ గొడవ మీదేసుకోకుండ, స్టేషన్ గడప తొక్కకుండ ఉండు. నాలుగు నెలలు. అంతకంటె నిన్నేం అడగను.

ఒక చిన్న అబద్ధమాడిన. ఈ ఐదేండ్లు నువ్వు దుబాయిల ఉన్నవని వియ్యంకునికి చెప్పిన. ఏం చెప్పమంటవ్ మరి? నువ్వొచ్చినప్పుడు ఎండకు నల్లబడ్డ అని చెప్పుకో.

నీ జాడ ఎవ్వరికీ చెప్పను. ఖుదా ఖసం. పిచ్చయ్య రోజూ అడుగుతడు, "మీ తమ్ముడు ఏడున్నడక్కా" అని. తెల్వదంటున్న.

నీ ఆపా


జూలూరుపాడు,
14 జూలై 2024.

ఆపా,

దుబాయా! థూ. జైల్ల దుబాయి షేక్‌లు ఎవ్వరూ కనపడలే నాకు, నల్లులు మాత్రం బాగ కనపడ్డయ్. మీ వియ్యంకుడు అక్కడి ఎండల గురించి అడిగితే ఏం చెప్పాలె?

కానీ వకీలు మాట చదివి రెండుసార్లు లేచి నిలబడ్డ. మోటర్ షెడ్ల ఎవ్వరూ లేరు కాబట్టి బతికిపోయిన. ఫరహా నా భుజమ్మీద కూసోని గోదారి నీళ్ళు చూసిన పిల్ల. వస్త. తల తెగినా వస్త.

ఇక్కడ ఒకటే చిరాకు. వెంకటరామారావు గారి మేనల్లుడు అనిల్‌కుమార్ అని ఒకడున్నడు. వాడు పొద్దూకితే మందు, పొద్దు పొడిస్తే నిద్ర. నా వంక చూసే చూపు బాగుండదు. మోటర్ల కాడికి ఊకూకె వస్తడు, పనేమీ ఉండదు. పోనియ్, నాకెందుకు, నాలుగు నెలలు కండ్లు మూసుకుంట.

ఒకరోజు నాగరాజు వచ్చిండు, ఏ లారీ డ్రైవరో నన్నిక్కడ చూసి చెప్పిండంట. వాడే, నా పాత కట్టెల కాంట్రాక్టర్. బండీ వానిదే, మూటలూ వానివే, జైలు మాత్రం నాది. తెల్ల చొక్కా నలగకుండ కారు దిగి, "ఇద్రీసూ, నీ సీటు ఖాళీగనే ఉంచిన" అన్నడు. పొమ్మన్న. వాడు పోయినంక చేతులు సబ్బేసి కడుక్కున్న, వాడు పట్టుకున్న చెయ్యి అని.

ఇద్రీస్


భద్రాచలం,
8 సెప్టెంబర్ 2024.

ఇద్రీసూ,

ఈసారి గోదారి కరకట్ట అంచుదాక వచ్చి పోయింది. దుకాణంల బూరుగు దూది మూటలన్నీ అటకెక్కిచ్చి, వారం రోజులు ఇంట్ల ఉమ్మ వాసన. దూల్హాభాయ్ తుమ్ముకుంట తిరుగుతున్నడు. నీ కోసం పరుపు ఒకటి కుట్టిండు తెలుసా, నేనడగకుండనే. నువ్వు పెండ్లికొస్తే చాప మీద పడుకోవద్దంట.

కార్డులు కొట్టిచ్చినం! ఆకుపచ్చ రంగు, బంగారు అంచు. మన కార్డుల మామూల పేర్లు, చాచాల పేర్లు వాళ్ళ కొలువులతో సహా వేస్తం కదా. మా ఆయన హఫీజ్ తమ్ముళ్ళ పేర్లు చూస్తే ఒకాయన రిటైర్డ్ కండక్టర్, ఇంకొకాయన టైర్ల షాపు ప్రొప్రైటర్. నీ పేరు పక్కన ప్రెస్సోడు చుక్క పెట్టి, "ఈయనేం చేస్తడమ్మా" అన్నడు. నాకు ఒళ్ళు మండింది. నా తమ్మునికేం తక్కువ? రాయించిన: "వకీలు: జనాబ్ ఇద్రీస్, ఫారం సూపర్‌వైజర్, జూలూరుపాడు." అచ్చుల చూస్తే ఎంత ముద్దుగ ఉందో. మూడుసార్లు తడిమిన ఆ అక్షరాలను.

గల్లీల అందరికీ పంచిన. మొదటి కార్డు ఎదురింటి మంగమ్మకు ఇచ్చిన, నా పురుడు పోసిన మనిషి కదా. "మీ తమ్ముడు ఇంత పెద్ద కొలువు చేస్తున్నడా" అని ముక్కు మీద వేలేసుకున్నది. జైలుకు పోయినోడని మాట్లాడిన నోర్లన్నీ మూతపడ్డయ్. నువ్వు భయపడకు, నీ జాడ నేను నోరిప్పి ఎవ్వరికీ చెప్పలే. మాటంటే మాటే.

నీకు కార్డు పోస్టుల వెయ్యను. ఆడపిల్ల మామూకు కార్డు చేతికియ్యాలె, పోస్టుల వేస్తే అపశకునం. నువ్వొచ్చినప్పుడు ఇస్త.

ఆపా


సర్కారు దవాఖానా నుంచి,
22 సెప్టెంబర్ 2024.

ఆపా,

ఎడమ చేతి వేళ్ళు రెండు విరిగినయ్. తలకు పదకొండు కుట్లు. కుడి చెయ్యి బాగుంది కాబట్టి రాస్తున్న.

పదిహేనో తారీఖు జీపు వచ్చింది. ఎక్కడ్నో ఆటోల గంజాయి దొరికిందంట. పొలంల నలభై మంది కూలోళ్ళు కలుపు తీస్తున్నరు. వాళ్ళందరి ముంగట నన్ను నిలబెట్టి, షర్టు విప్పిచ్చి, "సూపర్‌వైజర్ సాబ్, ఎన్ని మూటలు దాచినవ్" అని అడిగిండ్రు. సూపర్‌వైజర్ అంట! ఎందుకు గట్ల పిలిచిండ్రో నాకు సమజ్ కాలే. షెడ్డంతా గాలించి, ఏం దొరకక, నా అన్నం టిఫిన్ బోర్లేసి పోయిండ్రు.

తెల్లారి మోటరు కేబుల్ వైరు పోయింది, రాగి వైరు. ఎవడు కోసిండో నాకు తెలుసు, అనిల్‌కుమార్ చేతుల మీద వైరు కాల్చిన మసి ఇంకా ఉంది. మొదటి దెబ్బ వాడే కొట్టిండు. "జైలోణ్ని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నావు మావయ్యా" అని అరిచిండు. అంతే, నిన్నటిదాక నా దగ్గర బీడీలు అడుక్కున్న మనుషులే కరెంటు స్తంభానికి కట్టేసిండ్రు. ఒకడు మూత్రం పోసిండు ఆపా. నీకు రాయొద్దనుకున్న, రాస్తున్న. పద్మావతమ్మ గారు తలుపు సందుల నుంచి చూసి తలుపేసుకున్నది. వెంకటరామారావు గారు వచ్చి కట్లు విప్పించి, "నాకు నీ మీద అనుమానం లేదు ఇద్రీసు, కానీ ఊళ్ళో వాళ్ళని కాదని ఉంచుకోలేను కదయ్యా" అన్నరు. మర్యాదగనే అన్నరు.

నేనేం చేసిన్నో తెలుసా? జీవితంల మొదటిసారి నా అంతట నేను స్టేషన్‌కు పోయిన, కంప్లైంట్ ఇద్దామని. నెత్తుటి గుడ్డ కట్టుకోనే పోయిన. రైటర్ కాగితం మీద నా పేరు చదివి, "అరేయ్, వీడు కంప్లైంట్ ఇస్తడంట రా" అని అందరినీ పిలిచిండు. నా కాగితంల మిరపకాయ బజ్జీలు పెట్టుకోని తిన్నరు. నూనె మరకల నా పేరు ఉబ్బుతుంటే చూసుకుంట నిలబడ్డ. దొంగ కొట్టించుకుంటే అది నేరం కాదంట.

దవాఖానాకు ఎవరొచ్చిండ్రో తెలుసా? నాగరాజు. బత్తాయిలు తెచ్చిండు, వలిచి నోట్లె పెట్టిండు. నేను తిన్న. రోత పుట్టుకుంట తిన్న.

నేను జూలూరుపాడుల ఉన్నట్టు నాగరాజుకు తెలుసు గానీ, స్టేషన్‌కు చెప్తే వాని మూటలే బయటపడతయ్; వాన్ని తీసేస్తే నీకొక్కదానికే తెలుసు. నువ్వు చెప్పవ్. అంటే నా ఉత్తరాలు చదివింది ఎవరు? నీ ఇంట్ల ఇంకెవరున్నరు చదివేటోళ్ళు? కత్తెర దాచినోడు తమ్మున్ని అమ్ముకోలేడా? దూల్హాభాయ్‌కి చెప్పు, వాని పరుపు మీద వాన్నే పండుకొమ్మను.

ఇద్రీస్


భద్రాచలం,
29 సెప్టెంబర్ 2024.

ఇద్రీస్‌కు,

నీ ఉత్తరం చదివి నేను ఏడ్వలే. మూత్రం మాట దగ్గర ఆగి, లేచి పోయి బాయి కాడ కక్కుకున్న. వాళ్ళ చేతులు పడిపోను. మనుషులా వాళ్ళు, పుండు మీద ఈగల జాతి!

తర్వాత హఫీజ్‌ను అడిగిన. దుకాణంల గిరాకీలున్నరని కూడ చూడలే. "నా తమ్మున్ని ఎంతకమ్మినవ్" అన్న. ఆ మనిషి లేచి లోపలికి పోయిండు. చేతులు కడుక్కోని వచ్చి, ఖురాన్ మీద చెయ్యి పెట్టిండు, "నేను చెప్పలే" అని. నేను నమ్మలే. ఇరవై నాలుగేండ్ల సంసారంల మొదటిసారి ఆయన ఎంగిలి పళ్ళెం తియ్యలే నేను. ఇప్పుడు ఆయన దుకాణంలనే తిని దుకాణంలనే పంటున్నడు. పెండ్లి మూడు వారాలుంది, ఇంట్ల ఒక్కరితో ఒక్కరం మాట్లాడతలేం. ఫరహా మధ్యల తిరుగుకుంట కబుర్లు మోస్తున్నది.

ఇక నీ సంగతి. నాగరాజు చేతి బత్తాయిలు తిన్నవా? ఆకలైతే నన్నడుగు, నేను నడిచొచ్చి తినిపిస్త. నిన్ను గుంటల పడేసినోడే తాడు పట్టుకోని వస్తే అది తాడనుకున్నవా? ఇంటికి రా. ఎవని ముఖం చూడకు, సీదా నా వంటింట్లకు రా.

ఆపా


సారపాక,
8 అక్టోబర్ 2024.

ఆపా,

ఇంటికి రాను. ఆ మనిషి ఉన్న ఇంట్ల నీళ్ళు కూడ తాగ. 20 తారీఖు ఫంక్షన్ హాలుకు సీదా వస్త, ఫరహాను అడుగుత, ఖాజీ సాబ్‌కు చెప్పి పోత.

సారపాకల రూము తీసుకున్న. ఇంటామె రూప్లి, తండా మనిషి, మంచి నోరు గల్లది. బ్రిడ్జి దాటితే మీ ఇల్లే. నువ్వు మాత్రం రాకు. డ్రైవర్ పని దొరికింది, అడివి నుంచి మిల్లుకు జామాయిల్ లోడు. కట్టెలే, ఇంకేం లేవ్. కాంట్రాక్టర్ ఎవరని అడగకు. రెండు వేళ్ళు విరిగినోనికి పని ఇచ్చేటోళ్ళు లైన్లు కట్టి లేరు.

ఒక మాట చెప్త, తిట్టకు. చెయ్యకముందు దొంగనే, చేసినా దొంగనే. చెయ్యనప్పుడు తిన్న దెబ్బలే ఎక్కువ. ఇది ఆలోచిస్తే నాకు నా మీద, ఈ ఊర్ల మీద, పొద్దున లేచి ముఖం కడుక్కునుడు మీద కూడ ఏవగింపు పుడుతున్నది.

ఫరహాకు వాచీ కొన్న. చిన్నది, తెల్ల డయలు.

ఇద్రీస్


(షాదీ కార్డు వెనక వైపు)
సారపాక, నీ రూము గడప మీద,
15 అక్టోబర్.

ఇద్రీసూ, రాకన్నా వచ్చిన. తాళముంది. రూప్లి కాగితం లేదన్నది, చేతిలున్న కార్డు వెనకనే రాస్తున్న, నీకియ్యాలని తెచ్చిన కార్డే.

నీ దూల్హాభాయ్ చెప్పలే. నేనే చెప్పిన. ఈ కార్డే చెప్పింది. నిన్న మంగమ్మ ఏడ్సుకుంట వచ్చింది, వాళ్ళింటి పిచ్చయ్య ఈ కార్డు చదివి "ఇక్కడున్నడా సూపర్‌వైజరు" అని స్టేషన్ల చెప్పిండంట. నీ పేరు ముద్దుగ ఉందని నేనే అచ్చేయించి, నేనే పంచి, నిన్ను స్తంభానికి కట్టేయించిన. నా చేతులు నరుక్కోవాలె. హఫీజ్ కాళ్ళు పట్టుకున్న, నువ్వు కూడ పట్టుకో.

నాగరాజు బండి ఎక్కకురా. నువ్వు పేరు రాయకున్నా నాకు తెల్వదా? ఆ జామాయిల్ కింద ఏముంటదో నీకు తెలుసు, నాకు తెలుసు. ఐదు రోజులే. తాళం చెవి పారేసి ఇంటికి రా. జాగ లేదు. ఆపా


జైలు,
3 నవంబర్ 2024.

ఆపా,

ఇక్కడి వాసన మారలే. నన్ను చూసి పాత వార్డరు, "సెలవులు అయిపోయినయా" అన్నడు.

ఎట్ల దొరికిన్నో నీకు ఎవరూ చెప్పి ఉండరు. నేను చెప్త, ఎందుకంటే నీకు తెలియాలె.

పదహారు పొద్దున రూముకు వచ్చిన. తలుపు కింద కార్డు. బంగారు అంచు, నా పేరు, దాని పక్కన కొలువు. ఆపా చేతికిద్దామని వచ్చి, నేను లేకపోతే లోపలికి తోసి పోయింది అనుకున్న. గుడ్డి నా కొడుకును, వెనక తిప్పలే. షాదీ కార్డు వెనక ఎవడు చూస్తడు? జేబుల పెట్టుకున్న. ఆ రోజంతా ఎన్నిసార్లు తీసి చదువుకున్ననో. జనాబ్ ఇద్రీస్. నన్ను జనాబ్ అన్నది ఆ ఒక్క కాగితమే.

పదిహేడు మధ్యాహ్నం చెక్‌పోస్టు. కట్టెల కింద మూటలున్నయ్, నీకు అబద్ధం రాసిన. కానిస్టేబుల్ చిన్న పోరడు, ఎండకు విసిగి ఉన్నడు. కాగితాలు చూసి పొమ్మనే చెయ్యి ఊపిండు. పోవాలె కదా? పోలే. వాడు నన్ను "ఏయ్ డ్రైవర్, జల్దీ తియ్" అన్నడు. ఆ ఒక్క మాట నాకెందుకు గుచ్చుకుందో తెల్వదు. "మర్యాదగ మాట్లాడు, పెండ్లి ఉంది మా ఇంట్ల, నేనెవరో చూడు" అని కార్డు తీసి ఇచ్చిన.

వాడు ముందు వైపు చదివిండు, నవ్విండు. గాలికి కార్డు మర్లింది. వెనక చదివిండు. పెద్దగ, అందరికీ వినపడేటట్టు చదివిండు. నువ్వు దూల్హాభాయ్ కాళ్ళు పట్టుకున్నది, చేతులు నరుక్కుంటనన్నది, కింద ఏముంటదో నీకు తెలుసు నాకు తెలుసు అన్నది, అంతా. నేను మొదటిసారి నీ ఉత్తరం విన్నది వాని నోటితోని ఆపా. ఆఖరికి "దించు రా కట్టెలు" అన్నడు.

నీ మీద కోపం రాలే అంటే అబద్ధం. రెండు రోజులు నీ పేరు తల్చుకుంటే ముద్ద దిగలే. మూడో రోజు సమజ్ అయింది. నువ్వు మంగమ్మకు చూపించినవ్, నేను చెక్‌పోస్టుల చూపించిన. బండి ఎక్కింది మాత్రం నేను, నా కాళ్ళతోనే ఎక్కిన. దాన్ని నువ్వు మోయకు.

పోలీసులకు నాగరాజు పేరు చెప్పిన. రాసుకోలే.

దూల్హాభాయ్‌కి నా సలాం చెప్పు. మాఫ్ చెయ్యమని చెప్పు. ఆయన కుట్టిన పరుపు ఎవరికన్నా ఇయ్యుర్రి. ఫరహాను ఎవరడిగిండ్రు? అది ఒక్కటి రాయి.

ఇద్రీస్


భద్రాచలం,
17 నవంబర్ 2024.

ఇద్రీసూ,

నీ ఉత్తరం దూల్హాభాయ్ చదివి వినిపించిండు. చెక్‌పోస్టు దగ్గరికి వచ్చేసరికి కాగితం నా చేతికిచ్చిండు, మిగతాది నేను చదువుకున్న. వాడు నా మాటలు చదివి వినిపిస్తుంటే నువ్వు ఎట్ల నిలబడ్డవో అదే కండ్లల్ల తిరుగుతున్నది. నేను మోయకుండ ఎవరు మోస్తరు? ఇకనుంచి కాగితం మీద రాయాలంటేనే భయమైతున్నది. అయినా నువ్వు అడిగినవ్ కాబట్టి రాస్తున్న.

ఫరహాను టైర్ల షాపు చాచా అడిగిండు. మొదటిసారి అడిగితే పలకలే. రెండోసారి పలకలే. బయట ఖాజీ సాబ్ గొంతు సవరించుకుంటున్నడు, వియ్యపురాలు నా వంక చూస్తున్నది. నేను పోయి బిడ్డ చెవుల, "మామూ నీకు వాచీ కొన్నడు" అన్న. ఇంకేం చెప్పాల్నో తోచలే. మూడోసారి అవ్ అన్నది. ఆ వాచీ పోలీసులు పట్టుకపోయిన సామాన్లల్ల ఉందంట, ఇడిపించుకునుడు మన తోని కాదన్నరు.

ఇప్పుడు విను. పెండ్లికి నాగరాజు వచ్చిండు. మేం పిలవలే. తెల్ల చొక్కా, సెంటు వాసన. హాలు గుమ్మంల అడుగు పెట్టంగనే వియ్యంకుడు లేచి సలాం కొట్టిండు, ముందు వరుసల కుర్చీ జరిపిండు. పెద్ద మనిషంట. పిచ్చయ్య కూడ లేచి చెయ్యెత్తి సెల్యూట్ లాంటిదేదో చేసిండు. మంగమ్మ తల దించుకున్నది, ఆమెకన్నా సిగ్గుంది.

తిండికి దస్తర్‌ఖాన్ మీద కూసున్నంక వియ్యంకుడు అడిగిండు, "కార్డుల వకీలు ఇద్రీస్ అనుంది, మామూ సాబ్ కనపడతలేరేంది" అని. హఫీజ్ చేతిల గిన్నె కింద పెట్టి నా వంక చూసిండు. అప్పుడు నాగరాజు అందుకున్నడు. "ఇద్రీస్‌కు దుబాయిల మళ్ళ పని తాకింది సాబ్, నిన్ననే పోయిండు, నేనే బండెక్కిచ్చిన" అన్నడు. అని నా వంక చూసి నవ్విండు. వియ్యంకుడు మాషా అల్లా అన్నడు. నా అబద్ధాన్ని వాడు కాపాడిండు రా. నా బిడ్డ సంసారం వాని నోటి మాట మీద నిలబడ్డది. నేనేం చెయ్యాలె? గరిటెతోని వాని నెత్తి పగలగొట్టాలె. ఏం చేసిన తెలుసా? "ఇంకో ముక్క వేసుకోండి అన్నా" అని వడ్డించిన. నల్లీ బొక్క ఏరి వేసిన. జుర్రుకోని తిన్నడు. నెల అయితున్నది, నిమ్మకాయతోని రుద్దినా ఈ కుడి చేతి వాసన పోతలేదు నాకు. అన్నం ఎడమ చేతితోని తింటున్న, తౌబా తౌబా.

ఇంకో సంగతి. నువ్వు లోపలికి పోయినావని తెలిసిన తెల్లారి దూల్హాభాయ్ బీరువా తాళం తీసి కత్తెర మళ్ళ కొక్కేనికి తగిలిచ్చిండు. అప్పుడు ఆయన ముఖం చూసిన, ఆయనకు కూడ తెలిసింది ఏం చేసిండో. గుడ్డ కోయలే ఆ రోజు. దుకాణం బందు పెట్టి కూసున్నడు. నీ పరుపు ఎవరికీ ఇయ్యడంట, దూది గట్టిపడకుండ ఎండలేసి తిప్పుతున్నడు.

వచ్చే శుక్రవారం ములాఖత్‌కు వస్తున్నం ఇద్దరం. జెబా కూడ వస్తనంటున్నది. దానికి పన్నెండేండ్లు. నిన్న గల్లీల ఎవరో "మీ మామూ దుబాయా" అని అడిగితే, "కాదు, జైల్ల ఉన్నడు, నా పెండ్లికి ఆయనే వకీలు" అని అందరు వినేటట్టు చెప్పొచ్చింది. పదిమంది ముంగట ముఖం ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వక నేను తలుపేసుకున్న. తర్వాత తీసిన.

నువ్వు ఎన్నేండ్లకు వస్తే అన్నేండ్లకే దాని నిఖా. ఆ పెండ్లికి కార్డు కొట్టియ్యను.

ఆపా